దారి చెప్పే పుణ్యం

తప్పుదారి చెబితే పాపం తగులుతుందని మా అమ్మమ్మ అనేది. అది చిన్నాచితకా పాపం కాదట. ఆకలిగొన్నవాడి ముందునుంచి విస్తరి లాగేసినంత పాపమట! అందుకని ఆవిడను ఎవరైనా దారి అడిగితే చేతిలో పని కింద పెట్టేసి, వీధి మలుపు దాకా నడిచి, చెయ్యి చాపి చూపించి మరీ వచ్చేది. తనకు తెలియకపోతే, "నాకు తెల్దు నాయనా, ఆ అంగడాయన్ని అడుగు" అనేది. తెలిసీ తెలియకుండా మాత్రం చెప్పేది కాదు.

ఇప్పుడు మనకు దారి చెప్పేది మనిషి కాదు, ఫోను. మరి అది తప్పుదారి చెబితే ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలి? ఫోనుదా? ఫోను కొనిచ్చిన వాళ్లదా? అందులో మ్యాపు గీసిన వాళ్లదా? నమ్మి వెళ్లిన మనదా? ఈమధ్య నన్ను పట్టుకున్న ధర్మసందేహం ఇది. నవ్వకండి. మా ఊళ్లో ఉంటే మీకూ ఈ సందేహం వచ్చి తీరుతుంది.

మాది గోనెగండ్ల. కర్నూలు జిల్లాలో, ఎమ్మిగనూరు దగ్గర. హంద్రీ నది మీద కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టు మా మండలంలోనే ఉంది. ఆదివారం వచ్చిందంటే ఆ నీళ్లు చూడ్డానికి ఎక్కడెక్కడి కుర్రాళ్లో మోటారు సైకిళ్ల మీద వస్తారు. వాళ్లలో కొందరిని ఫోను తిన్నగా మా వీధిలోకి పంపిస్తుంది. మా వీధి చివర దారి లేదు, గోడ ఉంది. ఆ గోడ సంగతి ఫోనుకు తెలియదు.

"అక్కా, ఇట్ల దారి పోదా?"

"పోదు నాయనా, అక్కడ గోడ."

"మ్యాపులో ఉందే!"

ఇలా అని ఆ అబ్బాయి గోడవైపు అనుమానంగా చూస్తాడు, గోడే అబద్ధమాడుతున్నట్టు! చివరికి నేనూ, ఎదురింటావిడా కలిసి పెయింటరు చేత ఒక రేకు మీద "ముందు దారి లేదు" అని రాయించి వీధి మొదట్లో తగిలించాం. మా చెల్లెలి కూతురు ఫోనులోనే ఎక్కడో తప్పు దిద్దమని రాసి పంపింది. రేకు చూసి వెనుదిరిగే వాళ్లున్నారు. రేకు చూసి, ఫోను చూసి, మళ్లీ రేకు చూసి, చివరికి ఫోనునే నమ్మి గోడ దాకా వెళ్లి వచ్చే వాళ్లూ ఉన్నారు.

బయటివాళ్ల మాట సరే, మా ఇంటి భాగోతం చెబుతాను. మగవాళ్లకు దారి అడగడమంటే మహా నామోషీ. మావారు అందుకు మినహాయింపేం కాదు. ఒకే చెట్టు కింద నుంచి మూడుసార్లు వెళ్లినా సరే, బండి ఆపి ఒక మనిషిని అడగరు. అలాంటి మనిషికి ఈ ఫోను దేవుడిచ్చిన వరం. అందులో మాట్లాడేది ఆడగొంతు. ఇన్నేళ్ల కాపురంలో నేను "ఎడమకు తిరగండి" అంటే ఒక్కనాడూ తిరగని మనిషి, ఆవిడ అన్న మరుక్షణం బండి తిప్పేస్తారు. పైగా ఆవిడ మన ఊళ్ల పేర్లను చిత్రవధ చేస్తుంది. గోనెగండ్లను "గొనెగాండ్లా" అంటుంది. ఆ మాట నేనంటే ఊరుకుంటారా?

కారులో సంగతి వేరు. నీడ పట్టున కూర్చుని, అద్దాలు ఎక్కించుకుని వింటారు. మోటారు సైకిలు మీద ఆ యంత్రంతో పడే పాట్లు మోటారు సైకిలు వాళ్లకే తెలుసు. ఎండలో తెర మీద ఏమీ కనబడదు, మన మొహమే కనబడుతుంది. మా వైపు ఏప్రిల్, మే నెలల ఎండకు కాసేపటికి ఫోను కాలి, "నేను చల్లబడేదాకా పనిచెయ్యను" అని మూసుక్కూర్చుంటుంది. వాన పడితే తెర మీద చినుకులే వేళ్లయి, అదేదో వేరే ఊరికి దారి వెతకడం మొదలెడుతుంది. ఇంజను అదురుకు ఫోను కెమెరా పాడయ్యే ప్రమాదం ఉందని 2021లో ఒక పేరున్న ఫోన్ల కంపెనీయే హెచ్చరించింది. ఇక హెల్మెట్టులో, గాలి హోరులో ఆవిడ మాట చెవిన పడదు. అందుకని మా బండి మీద ఫోను ఉండేది నా చేతిలో. ఆవిడ చెప్పింది నేను విని, మావారి చెవిలో గట్టిగా అరవాలి. దారి తప్పామనుకోండి, ఆయన విసుక్కునేది ఆవిడ మీద కాదు, నా మీద! చెప్పింది ఒకరు, చీవాట్లు మరొకరికి. నా ధర్మసందేహానికి మూలం ఇక్కడే ఉంది.

పోయిన వానాకాలంలో ఆదోని వైపు ఒక పల్లెలో పెళ్లికి బయలుదేరాం. ఎమ్మిగనూరు దాటాక తారురోడ్డున పోతూ ఉంటే ఫోను ఒక అడ్డదారి చూపించింది. 7 నిమిషాలు కలిసొస్తుందట. "ఏమండీ, తెలిసిన రోడ్డున పోదామండీ, రాత్రి వాన పడింది" అన్నాను. "7 నిమిషాలే!" అన్నారాయన, 7 లక్షలు అన్నట్టు. తిప్పేశారు.

మా వైపు నల్లరేగడి నేల సంగతి తెలిసిన వాళ్లకు మిగతా కథ చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం చెబుతాను. ఎండినప్పుడు అది రాయి. ఒక్క వాన పడిందా, బంక. చక్రానికీ పైన మడ్‌గార్డుకీ మధ్య ఆ మట్టి దట్టంగా చేరి బిగుసుకుపోతే చక్రం తిరగదు. ఇంజను గర్జిస్తుంది, బండి కదలదు. పట్టుచీర కుచ్చెళ్లు దోపుకుని నేనూ, కొత్త చొక్కాలో మావారూ, పత్తిచేల మధ్య కర్రపుల్లలతో మట్టి గీకుతూ కూర్చున్నాం. చేలో కలుపు తీస్తున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి గట్టెక్కి వచ్చింది.

"ఈ దోవ పట్టుకొని ఎందుకొస్తిరి నాయనా? రేత్రి వాన పడింది గదా. ఇది రేగడి. ఈడ ఎద్దులబండే దిగబడుతుంది."

మావారు ఫోను చూపించారు. ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, "దానికేం తెలుసు నాయనా, అదేమన్నా వానలో తడిసిందా?" అంది. తన చెంబులో నీళ్లిచ్చింది. మనవణ్ణి కేకేసి బండి తోయించింది. మేం ఎక్కడి వాళ్లమో, ఎవరి పెళ్లికో అన్నీ అడిగి తెలుసుకుంది. గట్టి నేల వచ్చేదాకా మా వెంట నడిచి, "ఇంక పోండి, మళ్లీ ఈ దోవన రావద్దండి" అని వెనుదిరిగింది. ఈలోగా నా చేతిలోని ఫోను ఎంత తాపీగా ఉందో చూడండి, "కొత్త దారి వెతుకుతున్నాను" అంది. ఒక నొచ్చుకోవడం లేదు, ఒక "అయ్యో" లేదు. మేం చేరేసరికి ముహూర్తం దాటిపోయింది.

ఆ కోపంలో కొన్నాళ్లు ఫోనును తిట్టిపోశాను. తర్వాత మా చెల్లెలి కూతురు కూర్చోబెట్టి అసలు సంగతి వివరించింది. ఉపగ్రహాలు దారి చెప్పవట! అవి చెప్పేది టైము. అంతే. అమెరికా రక్షణ శాఖ వాళ్లు 1978 నుంచి పంపించడం మొదలుపెట్టిన ఆ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని ప్రసారం చేస్తూ ఉంటాయి. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేలోగా అంకెలు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో పిల్లలు చెబుతారు చూడండి, ఫోనూ అలాంటి లెక్కే వేస్తుంది. కనీసం 4 ఉపగ్రహాల కబురు అందితే తానెక్కడ ఉన్నదీ తేల్చుకుంటుంది. సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే లెక్క 300 మీటర్లు తప్పుతుందట. అంత సున్నితమైన గడియారాలు అవి. మన శ్రీహరికోట నుంచి కూడా 2013 జూలై 1న ఇలాంటి పనికే మన సొంత ఉపగ్రహాల్లో మొదటిది ఎగిరింది.

అంటే మనం ఎక్కడున్నామో చెప్పడంలో ఫోను దాదాపు తప్పు చెయ్యదు. ఆ చేను మధ్య ఇరుక్కున్నప్పుడు కూడా నేను సరిగ్గా ఎక్కడున్నానో దానికి తెలుసు. తెలియనిదల్లా అక్కడ నేల ఎలా ఉందో. అది మ్యాపు గీసిన మనుషుల పని. వాళ్లు ఎక్కడో కూర్చుని పైనుంచి తీసిన ఫొటోలో గీత చూస్తారు, గీతను దారి అంటారు. 2017 డిసెంబరులో ఒక పెద్ద కంపెనీ వాళ్లు మోటారు సైకిళ్లకని ప్రత్యేకంగా దారి చూపించే ఏర్పాటును మన దేశంలోనే మొదట పెట్టారు. కార్లు పట్టని సందుల్లోంచి కూడా దగ్గరి దారి చెబుతుందని సంబరపడ్డాం. సందు ఉన్నంత మాత్రాన అది నడిచే సందేనా అన్నది వేరే ప్రశ్న.

ఈ ఉపగ్రహాలు మనలాంటి మామూలు వాళ్లకు అందిన వైనం కూడా వినదగ్గది. 1983 సెప్టెంబరు 1న కొరియా ప్రయాణికుల విమానం ఒకటి దారి తప్పి రష్యా గగనంలోకి పోయింది. సోవియట్ సైన్యం దాన్ని కూల్చేసింది. 269 మంది పోయారు. ఆ తర్వాతే అమెరికా అధ్యక్షుడు రీగన్, సైన్యం కోసం తయారవుతున్న ఈ ఏర్పాటును ప్రపంచంలో అందరికీ ఇస్తామని ప్రకటించాడు. దారి తప్పినవాళ్ల ప్రాణాల మీదుగా మన చేతికి వచ్చిన వస్తువు ఇది. తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

పోనీ, మనుషులు చెప్పే దారి అంత నిఖార్సైనదా అంటే, అబ్బే! "ఇదో, కూతవేటు దూరం" అంటారు. ఎవరి కూతో మరి, 5 కిలోమీటర్లు నడవాలి. "చింతచెట్టు కాడ కుడిచేతికి తిరుగు" అంటారు. ఆ చెట్టు కొట్టేసి పదేళ్లయి ఉంటుంది. మన వాళ్లకు "తెలీదు" అనడం మర్యాద తక్కువ. అడిగినవాడిని ఉత్తచేతులతో పంపలేక ఏదో ఒక దిక్కు చూపించి పంపేస్తారు. మజ్జిగ లేకపోతే నీళ్లైనా ఇచ్చినట్టు! అడిగిన నలుగురూ నాలుగు దిక్కులు చూపిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది.

అంతకన్నా పెద్ద మాట మా చెల్లెలి కూతురు అంది. ఆ పిల్లది పల్లెలు తిరిగే ఉద్యోగం. స్కూటరు మీద ఒక్కతే వెళ్లి వస్తుంది. నేను నా పెద్దావిడ కథ చెప్పి, "యంత్రాన్ని కాదే, మనిషిని అడగాలి" అని ఉపన్యాసం ఇస్తుంటే నవ్వి, "పెద్దమ్మా, నీకు దొరికింది చేలో పెద్దావిడ. నాకు దొరికేది సాయంత్రం పూట టీకొట్టు దగ్గర నలుగురు మగాళ్లు. దారి అడిగానంటే, నేను ఈ ఊరి దాన్ని కాదనీ, ఒక్కదాన్నే ఉన్నాననీ, ఎటు పోతున్నాననీ మూడు సంగతులు వాళ్లకు చెప్పినట్టే. ఫోను ఉంటే నేను ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు" అంది.

నేను మారు మాట్లాడలేదు. మన అమ్మమ్మల కాలంలో ఆడపిల్ల ఒంటరిగా దారి అడిగే పరిస్థితే రానిచ్చేవారు కాదు, అసలు గడప దాటనిస్తే కదా! ఎవరినీ అడగకుండా పోగలగడం మగవాడికి నామోషీ తప్పించుకునే సాధనం కావచ్చు. ఆడపిల్లకు మాత్రం అది పొలిమేర దాటించే ధైర్యం. అదే వస్తువు, రెండు రకాల చేతుల్లో రెండు రకాల అర్థం. కనుక "పాతకాలమే మేలు" అనే మాట నేను అనను.

కానీ నా ప్రశ్న మిగిలే ఉంది. తప్పుదారి చూపిన పాపం ఎవరిది? ఇది మాకు ముహూర్తం తప్పినంత చిన్న విషయం అయితే నేను కలం పట్టేదాన్నే కాదు. 2024 మే నెలలో మన హైదరాబాదు నుంచి కేరళ చూడ్డానికి వెళ్లిన నలుగురు, కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర రాత్రివేళ మ్యాపు చూపినట్టు పోయి, వానలకు పొంగిన వాగులోకి కారు దింపేశారు. పోలీసులూ, ఊరివాళ్లూ ఆదుకోబట్టి బతికి బయటపడ్డారు. అదే ఏడాది నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర ముగ్గురికి ఆ అదృష్టం దక్కలేదు. రామగంగ నది మీద వంతెనకు ఒక కొస అంతకుముందు వరదల్లో కొట్టుకుపోయింది. ఫోను మాత్రం అది నిండు వంతెన అనే అనుకుంటోంది. కారు పైనుంచి నదిలో పడి ముగ్గురూ చనిపోయారు. పోలీసులు ప్రభుత్వ ఇంజనీర్ల మీదా, మ్యాపు కంపెనీ అధికారి మీదా కేసు పెట్టారు.

ఆ వార్త చదివినప్పుడు నాకు ఫోను మీద కన్నా ఎక్కువ కోపం ఇంకొక సంగతి మీద వచ్చింది. వంతెన కొట్టుకుపోయిందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు కదా! అక్కడ గట్టిగా అడ్డు కట్టలేదు, హెచ్చరిక బోర్డు లేదని రాశారు. మా వైపు వంక వచ్చి రోడ్డు కోసుకుపోయిందనుకోండి, ప్రభుత్వం వచ్చేలోగా ఎవరో ఒక రైతు రెండు తుమ్మకంపలు లాక్కొచ్చి రోడ్డుకు అడ్డంగా పడేస్తాడు. పైన నాలుగు రాళ్లు పెడతాడు. ఎర్రగుడ్డ దొరికితే కడతాడు. ఎవరూ అతన్ని అడగలేదు. రేపు రాత్రి ఆ రోడ్డున వచ్చేది ఎవరో అతనికి తెలియదు, తెలుసుకోడు కూడా. ఆ కంప ఉపగ్రహానికి కనబడదు. దీపం వెలుతురులో మోటారు సైకిలు వాడికి కనబడుతుంది. అదీ దారి చెప్పడమంటే.

మా పత్తికొండకు అవతల, గుత్తికి వెళ్లే వైపు, ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దానివి. వాటిలో ఒకదానిలో మనుషుల కోసం, పశువుల కోసం బాటల వెంట బావులు తవ్వించిన సంగతీ, చెట్లు నాటించిన సంగతీ చెక్కించాడు. ఎవరో పేరు తెలియని బాటసారి దాహం రాజు లెక్కలోకి వచ్చిందన్నమాట. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, తాను నడిచిన బాట ఎలాంటిదో, ఏ మజిలీలో ఏం దొరుకుతుందో రాసి పెట్టారు. తాను పడ్డ అవస్థ తర్వాతి వాళ్లకు తప్పాలనే కదా! కంప వేసిన రైతుదీ వాళ్ల వరుసే.

దారి చెప్పడంలో మూడు సంగతులున్నాయని నాకు తోస్తోంది. ఒకటి, తెలిసి ఉండటం. రెండు, అడిగినవాడు క్షేమంగా చేరాలని కోరుకోవడం. మూడు, చేరకపోతే అది తన మాట వల్లనే అని ఒప్పుకోవడం. మొదటి దానిలో ఫోను మనకన్నా ఎంతో ఘనం. రెండోదీ మూడోదీ దానిలో లేవు, ఉండవు. అందుకు దాన్ని తిట్టి లాభం లేదు, అట్లకాడను ప్రేమలేదని తిట్టినట్టే ఉంటుంది. కానీ ఆ రెండూ లేకుండా దారి చెబితే చాలునని మనం సర్దుకుపోతున్నామే, అక్కడ నాకు భయం. ఫోను ఉంది కదా అని బాటసారి అడగడం మానేశాడు. ఫోను ఉంది కదా అని మనం చెప్పడం మానేస్తున్నాం. వీధి అరుగు మీద కూర్చుని, వాగు వైపు పోతున్న బండిని చూస్తూ కూడా, "వాడి దగ్గర మ్యాపు ఉంటుందిలే" అనుకుంటే, ఆ పాపం ఫోను ఖాతాలో ఎలా రాస్తాం? తెలిసి చెప్పనివాళ్ల ఖాతాలోనే రాయాలి.

కనుక నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను, మీకు నచ్చితే మీరూ పెట్టుకోండి. వానాకాలంలో కలిసొచ్చే నిమిషాలు చూపి ఫోను ఊరిస్తే, తారురోడ్డే నాకు ముద్దు అంటాను. చీకటి పడ్డాక మా వీధిలో ఒంటరి ఆడపిల్ల స్కూటరు ఆపి ఫోను చూసుకుంటుంటే, ఆ పిల్ల అడగకపోయినా, "ఎక్కడికమ్మా?" అని ముందు నేనే పలకరిస్తాను. అడగడానికి భయపడే వాళ్లకు, అడగకుండానే చెప్పే ఆడవాళ్లు ప్రతి వీధిలో ఇద్దరుంటే ఆ భయం సగం తగ్గదూ?

ఇక మావారి లాంటి వారి సంగతి. ఈసారి ఆయన ఫోను చూసి బండి తిప్పబోతుంటే వాదన పెట్టుకోకండి. "దాహంగా ఉందండీ, కాస్త ఆపండి" అనండి. ఆయన ఆపుతారు. నీళ్లిచ్చిన ఇల్లాలిని మీరే అడగండి, "ఈ దోవ బాగుందా వదినా?" అని. ఫోనుకు తెలియని సంగతి ఆవిడ ఒక్క మాటలో చెబుతుంది. ఆయన నామోషీ ఆయన దగ్గరే ఉంటుంది, మీరు క్షేమంగా ఇల్లు చేరతారు.